మిస్రీకి లేని ఐబు

గౌలిపురా ఆగయ్య జట్కాలో కొరడా ఉండేది కాదు. కొరడా నిలబెట్టే రేకు గొట్టం మాత్రం ఉండేది. అందులో పొద్దున్నే భార్య మాణిక్యమ్మ ఇచ్చిన బంతిపువ్వు గుచ్చుకునేవాడు. కొత్తగా ఎక్కిన సవారీలు కొరడా ఏదని అడిగితే నవ్వి, కుడిచేతి రెండు వేళ్ళు ఎత్తి చూపించేవాడు. ఆ రెండు వేళ్ళతోనే పగ్గాలు పట్టేవాడు. "చల్ బేటీ" అంటే గుర్రం కదిలేది, వేళ్ళు కాస్త వెనక్కి మడిచి "బస్" అంటే నిలిచేది. ఆగయ్యకు కల్లు అలవాటు లేదు, పేకాట అలవాటు లేదు. ఉన్న ఒక్క దురలవాటూ ఈ రెండు వేళ్ళ గొప్ప చెప్పుకోవడమే. అది మొదలుపెడితే షా అలీ బండలో దిగాల్సిన మనిషి లాల్ దర్వాజా చేరినా ఆయన మాట ఆగేది కాదు.

జాగీర్లు పోయి, నవాబుల దేవిడీల్లో గుర్రాల తబేలాలు ఖాళీ అవుతున్న రోజుల్లో దొరికిన ఆడగుర్రం అది. అప్పటికి ఇంకా పిల్ల. బెల్లం రంగులో ఉండేది. బెల్లం రంగు గుర్రానికి మిస్రీ అని పటికబెల్లం పేరు పెట్టడమేమిటని మాణిక్యమ్మ ఎగతాళి చేసింది కానీ, పేరు అలాగే నిలిచిపోయింది. దాని నోట్లో మొదటి కళ్ళెం పెట్టింది ఆగయ్యే. నున్నటి ఇనుప కడ్డీకి తోలు చుట్టి, తోలుకు బెల్లం రాసి, నెల రోజులు బతిమాలి పెట్టాడు. అందుకే ఆ గుర్రానికి కళ్ళెమంటే భయం తెలియదు. దాన్ని చూడగానే తనే నోరు తెరిచేది. అడ్డాలో మిగతా జట్కావాళ్ళు అది చూసి నోళ్ళు వెళ్ళబెట్టేవారు.

అటువంటి గుర్రాన్ని ఎందుకు అమ్మాలి? పోలీస్ యాక్షన్ అయిన అయిదారేళ్ళకు పట్నంలో సైకిల్ రిక్షాలు పుట్టలు పగిలినట్టు వచ్చాయి. బస్సులు సరేసరి. జట్కా కోసం కేకవేసే మనిషి కరువయ్యాడు. రోజూ ఆగయ్య జట్కాలో కచ్చేరీకి వెళ్ళే రఘునాథ్ రావు గారు నల్లాల ఆఫీసులో గుమాస్తా. ఆయన దయ తలచి వాల్వులు తిప్పే పని ఇప్పించాడు. సర్కారు నౌకరీ. గల్లీ అంతా వచ్చి అభినందించింది. ఉన్న ఒక్క కొడుకూ అచ్చుకూటంలో పనికి కుదిరాడు, వాడికి గుర్రం దగ్గరికి పోవాలంటేనే వణుకు. తోలే మనిషి లేకుండా కట్టేసిన గుర్రానికి శనగలు ఎక్కడి నుంచి వస్తాయి? అమ్మక తప్పదు.

ఆగయ్యకు ధర గురించి పట్టింపు లేదు. ఆయన బెంగల్లా మిస్రీ ఎవరి చేతికి పోతుందనే. ఆ మెత్తటి నోరు తెలిసినవాడి చేతికి పోవాలి. అంతే. గుర్రం గురించి ఉన్నది ఉన్నట్టు చెబితే మంచి మనిషి తనంతట తనే వచ్చి పట్టుకుపోతాడని ఆయన నమ్మకం. పాపం, అన్నేళ్ళు అడ్డాలో బతికి కూడా గుర్రాలు కొనేవాళ్ళను ఆయన ఎరగడు.

మొదట వచ్చినవాడు పెళ్ళి బారాత్‌లకు గుర్రాలు అద్దెకిచ్చే అంజన్. పెళ్ళికొడుకు ఎక్కే గుర్రం కదా, ఒంటి మీద సుడులు చూసుకోవాలి. నుదుట సుడి మంచిది, మెడ కింద సుడి మంచిది, వీపు మీద ఉంటే ఇల్లు ముంచుతుందని వాళ్ళ లెక్క. చెంబుతో నీళ్ళు తెప్పించుకుని, వెంట్రుక వెంట్రుకా తడిపి, పొట్ట కింద దూరి మరీ వెతికాడు. ఒక్క చెడ్డ సుడి కనిపించలేదు. కనిపించకపోయేసరికి అతని ముఖం మరింత ముడుచుకుపోయింది.

"కాల్చి మాపినవా ఏంది?" అన్నాడు.

"ఏంది కాల్చేది భయ్యా?"

"గదే, సుడి. నాకు తెల్వని పనులా ఇవి! ఇంత సాఫ్ గుర్రం నేను పుట్టినకాడి నుంచి సూడలే."

వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు ఊరుకున్నాడా? చార్మినార్ దాకా ప్రతి అడ్డాలో చెప్పుకుంటూ పోయాడు.

తర్వాత గుడిమల్కాపూర్ తోటల నుంచి వెంకటనారాయణ వచ్చాడు, పూలబుట్టలు మోసే బండికి గుర్రం కావాలని. ఒంటరిగా రాలేదు, బావమరుదుల్ని వెంటేసుకుని వచ్చాడు. పళ్ళు చూశారు, పళ్ళు అరగదీశారేమోనని గోటితో గీకి చూశారు. గిట్టలు కొట్టి చూశారు. చెవి దగ్గర డబ్బా మోగించారు. మిస్రీ వాళ్ళను కుతూహలంగా చూసింది తప్ప బెదరలేదు. వెంకటనారాయణకు అప్పుడు అసలు అనుమానం పుట్టింది. ఇంత నెమ్మదిగా ఉందంటే నల్లమందు పెట్టి ఉంటారు! మత్తు దిగేదాకా ఇక్కడే కూర్చుంటానని అరుగు మీద చతికిలబడ్డాడు. మాణిక్యమ్మ వండిన జొన్నరొట్టెలు, పుంటికూర తిన్నారు, ఓ కునుకు తీశారు. సాయంత్రం లేచి చూస్తే మిస్రీ అలాగే నెమ్మదిగా గడ్డి నములుతోంది.

"మత్తు ఇంకా దిగలే," అన్నాడు వెంకటనారాయణ బావమరుదులతో. "మస్తు పెట్టిండు."

తిన్న రొట్టెలు అరగకముందే లేచిపోయారు. మాణిక్యమ్మ గిన్నెలు తోముతూ వాళ్ళ ఏడు తరాలనూ తలుచుకుంది. ఆగయ్య మాత్రం మిస్రీ మెడ మీద చెయ్యి వేసి, తిట్టు తిన్నది తనే అయినట్టు తల వంచుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత కొనేవాళ్ళే రాలేదు. ఆగయ్య గుర్రంలో ఏదో ఉందట అన్న మాట ఊరంతా పాకింది. నౌకరీలో చేరే రోజు దగ్గర పడింది. అప్పుడు జల్‌పల్లి వైపు నుంచి సున్నపు బట్టీ మనిషి వచ్చి, గుర్రం వంక సరిగా చూడకుండానే తీసుకుపోతానన్నాడు. ఆ బట్టీకి పోయిన గుర్రం మళ్ళీ పట్నంలో ఎవరికీ కనిపించదు. కంకర బండి కింద కూలేదాకా లాగించుకుంటారు. ఆగయ్యకు ఆ పూట అన్నం సహించలేదు. పొద్దున్నే లేచి అడ్డాలో దలాలీ చేసే రామలింగం దగ్గరికి వెళ్ళాడు.

రామలింగం బీడీ ఆర్పి చెవిలో పెట్టుకున్నాడు. "తప్పు నీదే ఆగయ్యా. గుర్రంల ఐబు లేదు లేదని ఎందుకు మొత్తుకుంటవ్? లోపం లేని మాలు దునియాల ఉన్నదా? కొనేటోడు గుర్రాన్ని సూడడు, అమ్మేటోని మొఖం సూస్తడు. ఐబు దొరికేదాంక వాని పానం కుదుటపడది. దొరికిందనుకో, గంతేనా అనుకుంటడు, పట్కపోతడు."

"లేనిది యాడికెల్లి తేవాలె?"

"నువ్వే ఒకటి చెప్పు. చిన్నది. పిల్లను సూపిచ్చేటప్పుడు అన్నీ మంచిగనే ఉన్నయంటే మగపిల్లగానోళ్ళు ఉరికిపోతరు. జర కోపం ఎక్కువ అని ఒక్క మాటంటే నవ్వుకుంట తాంబూలం పుచ్చుకుంటరు. గట్లనే ఇది."

ఆ మాట ఆగయ్య చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

రెండు రోజులకు సీమోను వచ్చాడు. చంచల్‌గూడ మనిషి, మిషన్ వాళ్ళ ఆడపిల్లల బడికి జట్కా నడుపుతాడు. అతని గుర్రం ముసలిదై కాలు పట్టేసింది. వస్తూనే చెప్పులు బయట విడిచి వచ్చాడు. గుర్రాన్ని ముట్టుకోకముందే దాని ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టి వాసన చూడనిచ్చాడు. ఆగయ్య గుండెలో బరువు దిగిపోయింది. ఈయనే, ఇంకెవరూ అక్కర్లేదు అనుకున్నాడు. అలా అనుకోగానే భయం పట్టుకుంది. ఈయన కూడా తల ఆడించి వెళ్ళిపోతే రేపు బట్టీ మనిషి వస్తాడు.

సీమోను అంతా చూశాడు. జట్కాకు కట్టి గల్లీ చివరిదాకా తోలి వచ్చాడు. అతని ముఖంలో ఇష్టం కనిపిస్తూనే ఉంది, దాని వెనకే అనుమానం కూడా.

"అన్నా, ఐబు ఏంది చెప్పు," అన్నాడు. "పరాయోళ్ళ ఆడపిల్లలు కూసునే బండి. నాకు దాచకు. ఇంత మంచి గుర్రాన్ని ఎవ్వరన్న ఊకనే అమ్ముతరా?"

"నౌకరీ దొరికింది తమ్మీ, అందుకే..."

"అందరు గట్లనే చెప్తరు."

సీమోను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆగయ్యకు ఆ అడుగే కనిపించింది. ఏదో ఒకటి చెప్పాలి. కరుస్తుంది అంటే పిల్లల బండికి పనికిరాదు. బెదురుతుంది అన్నా పనికిరాదు. తిండి ఎక్కువ అంటే సరిపోయేది కదా! వాన పడితే బద్ధకిస్తుంది అంటే ఎవరికీ నొప్పి లేకపోయేది. అవేవీ ఆ క్షణాన ఆయనకు తోచలేదు. మనిషి నోటికి ఎప్పుడూ తనకు బాగా అలవాటైన సంగతే ముందు వస్తుంది. ఆగయ్యకు అలవాటైనది మిస్రీ నోటి గురించి మాట్లాడటం. సీమోను చేతిలో పగ్గాలు చూస్తూ అనేశాడు.

"నోరు జర గట్టిదన్నట్టు. లగాంకు జల్ది వినది."

సీమోను ముఖం విచ్చుకుంది. ఎన్నాళ్ళుగానో వెతుకుతున్నది దొరికినట్టు నవ్వాడు. "గంతేనా! ముందుగాల్నే చెప్పొద్దా అన్నా? కార్వాన్ బజార్ల ముండ్ల లగాం అమ్ముతరు. అది పెడితే ఎంత గట్టి నోరైనా మాట వింటది."

గుమ్మంలో చాయ్ గ్లాసులు పట్టుకుని మాణిక్యమ్మ నిలబడి ఉంది. విన్నది. మొగుడి ముఖంలోకి చూసింది. అప్పుడే, ఆ క్షణమే, కాదు తమ్మీ అబద్ధం చెప్పిన అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆగయ్య గొంతు దాకా వచ్చింది కూడా. కానీ సీమోను చేతులు అప్పటికే మిస్రీ జూలు సవరిస్తున్నాయి. బేరం చెడితే? ఆగయ్య చాయ్ గ్లాసు అందుకుని, "జర నిమ్మళంగ పట్టు తమ్మీ," అన్నాడు. కూతుర్ని పంపేటప్పుడు ఎవరైనా అనే మాటే అనుకున్నాడు సీమోను. సరేనని తల ఊపాడు.

ఇంకో సంగతి. అడ్డా మనుషుల్లో గుర్రాన్ని అమ్మితే కళ్ళెం ఇవ్వరు. ఇస్తే ఇంటి బరకత్తు దాని వెంట పోతుందంటారు. కొన్నవాడు తన కళ్ళెం తనే తెచ్చుకోవాలి. ఆగయ్య కూడా ఆనవాయితీ తప్పలేదు. తోలు చుట్టిన ఆ నున్నటి కళ్ళెం విప్పి ఉంచుకున్నాడు. మెడకు తాడు కట్టి, శనగల సంచీతో మిస్రీని పంపించాడు. అది గల్లీ మలుపులో ఆగి ఒకసారి వెనక్కి చూసింది. జట్కాను మర్నాడు రామలింగమే ఎవరికో అంటగట్టాడు.

"గట్ల ఎందుకన్నవయ్యా?" అంది మాణిక్యమ్మ ఆ సాయంత్రం.

"అనకపోతే కొనకపోవు."

"దాని మీద నింద ఏసి పంపినవ్. మనిషైతే కాదని చెప్పుకుంటది. అదేం చెప్పుకుంటది?"

 ఆగయ్య కళ్ళేన్ని గోడ మేకుకు తగిలించాడు.

నౌకరీ బాగానే ఉంది. ఖాకీ చొక్కా ఇచ్చారు. పొడుగాటి ఇనుప తాళంచెవితో గల్లీ గల్లీ తిరిగి వాల్వు తిప్పితే ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ఆగయ్య భాయ్ వచ్చిండు అని సంబరపడేవారు. జీతం నెల తిరగ్గానే వచ్చేది. అన్నీ ఉన్నాయి కానీ ఆయన మనసులో ఒక ముల్లు మాత్రం అలాగే ఉంది. సీమోను ఇంటికి వెళ్ళి నిజం చెప్పి రావాలని ప్రతి ఆదివారం అనుకునేవాడు. వెళ్తే అబద్ధాలకోరు అంటాడు. పైగా గుర్రం వద్దని తిప్పి పంపితే? తబేలా అప్పటికే బొగ్గుల వ్యాపారికి అద్దెకిచ్చేశారు. బట్టీ మనిషి గుర్తొచ్చేవాడు. వచ్చే వారం చూద్దాంలే అనుకునేవాడు. అలా వారం వారం కలిసి వానాకాలం పోయింది, దసరా వచ్చిపోయింది, మళ్ళీ ఎండలు మొదలయ్యాయి. పిరికితనానికి రేపు అనే మాట ఎంత తోడుంటుందో ఆగయ్యను చూస్తే తెలిసేది.

ఒక మధ్యాహ్నం పత్తర్‌గట్టి దగ్గర పైపు పగిలితే ఆగయ్యను పంపారు. గుంటలో దిగి పని చేస్తుంటే పైన జట్కా చప్పుడు వినిపించింది. తల ఎత్తాడు. ఆడపిల్లలు పుస్తకాల సంచులు ఒళ్ళో పెట్టుకుని నవ్వుకుంటున్నారు. ముందు మిస్రీ. మెడ బిగబట్టి, తల పైకెత్తి నడుస్తోంది. ఎప్పుడూ తల దించి ఊపుకుంటూ నడిచే గుర్రం! దగ్గరికొచ్చాక నోటి మూలల నురుగు కనిపించింది. ఆ నురుగులో ఎర్రటి చారలున్నాయి. సీమోను రెండు చేతులతో పగ్గాలు లాగి పట్టి, జనం మధ్య నుంచి జాగ్రత్తగా, ఎవరికీ తగలకుండా తోలుకుపోతున్నాడు.

ఆగయ్యకు కేక పెట్టాలనిపించింది.  బురదలో అలాగే నిలబడ్డాడు. అన్ని నెలలుగా తను ముల్లు అనుకున్నది తన మనసులో కాదు, దాని నోట్లో ఉందని అప్పుడు తెలిసింది.

ఆదివారం ఆరాధన ముగిసి చర్చి నుంచి జనం ఇళ్ళకు చేరే వేళకు, పాత కళ్ళేన్ని తువ్వాలులో చుట్టుకుని చంచల్‌గూడ వెళ్ళాడు. సీమోను తెల్లచొక్కా విప్పకుండానే మిస్రీకి గడ్డి వేస్తున్నాడు. గుర్రం నిగనిగలాడుతోంది, కాళ్ళ కింద నేల శుభ్రంగా ఉంది. నోటి మూలల్లో వెన్నపూస రాసి ఉంది. అది చూశాక ఆగయ్యకు మరీ కష్టమైంది. ఆ మనిషి ఏదైనా పాపిష్టివాడైతే కనీసం అతన్ని తిట్టుకునేవాడు.

నిలబడే అంతా చెప్పేశాడు. నోరు గట్టిదన్నది అబద్ధమని, రెండు వేళ్ళతో తోలిన గుర్రమని, బేరం పోతుందని భయపడి అన్నానని. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ ముండ్లది తీసెయ్ తమ్మీ. దండం పెడ్త. లేకుంటే నాకే ఇచ్చెయ్, నేనే పట్కపోత."

అంతదాకా సానుభూతిగా విన్న సీమోను ఆ చివరి మాటకు మెల్లగా నవ్వాడు. "ఇప్పుడు సమజైంది. గుర్రం మీద మనసు పోలే నీకు. అందుకే గిట్ల చెప్తున్నవ్. ఫికర్ చెయ్యకన్నా, మంచిగ సూసుకుంటున్న."

"నిజం చెప్తున్న తమ్మీ."

"అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా? సరే, నీ లగామే పెట్టి సూద్దాం. ఇయాల రోడ్డు ఖాళీగున్నది. నువ్వే తోలు."

ఆగయ్య కళ్ళెం మార్చాడు. జట్కా ఎక్కి పగ్గాలు రెండు వేళ్ళ మధ్యకు తీసుకున్నాడు. "చల్ బేటీ." మిస్రీ చెవులు వెనక్కి తిప్పింది. ఆ గొంతు దానికి గుర్తుంది! పరుగులాంటి నడకతో గల్లీ దాటింది. ఆగయ్య సీమోను వైపు గర్వంగా చూశాడు. రోడ్డు మలుపు దగ్గర వేళ్ళు వెనక్కి మడిచి "బస్" అన్నాడు.

అది ఆగలేదు.

మళ్ళీ అన్నాడు. పిడికిలి పట్టి లాగాడు. చెవులు మాత్రం ఆడించింది. గొంతు తెలుస్తోంది కానీ పగ్గం లాగిన సంగతి దాని నోటికి తెలియడం లేదు. నెలల తరబడి ముళ్ళు గుచ్చుకుని, పుండు మాని, మళ్ళీ పుండై, ఆ మెత్తటి చిగుళ్ళు కాయలు కాశాయి. నొప్పి పుడితే తప్ప ఆగడమంటే ఏమిటో అది మరిచిపోయింది. ఎదురుగా ఎండలో కట్టెల బండి అడ్డంగా ఉంది. సీమోను చటుక్కున పగ్గాలు లాక్కుని, కాళ్ళు తన్నిపెట్టి, ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగితే అప్పటికి నిలిచింది.



"సూసినవా అన్నా," అన్నాడు సీమోను రొప్పుతూ. అతని గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "నువ్వు ముందుగాల చెప్పిందే నిజం. దీని నోరు గట్టిదే. రెండు వేళ్ళ ముచ్చట దీని మీద నీకున్న పావురం, ప్రేమ కొద్ది అనుకున్నవ్ గని." కాస్త ఆగి అన్నాడు. "ఐబు ఉన్నది ఉన్నట్టు చెప్పి గుర్రం అమ్మినోన్ని నిన్నొక్కన్నే సూసిన. మావోళ్ళందరికి చెప్త నీ పేరు."

ఆగయ్య ఏదో అనబోయాడు. ఏమనాలి? చెప్పవలసిన నాడు చెప్పలేదు. ఇవాళ చెప్పడానికి నిజమనేది మిగల్లేదు. ఆయన చెప్పిన అబద్ధాన్ని ఆ మూగజీవం నిజం చేసి పెట్టింది.

సీమోను సీటు కింద నుంచి ముళ్ళ కళ్ళెం తీశాడు. "ఇంటిదాంక పోవాలె గద. ఇది పెట్టబోతే రోజూ లొల్లే, తల ఎత్తేస్తది. జర నువ్వు పట్టుకో అన్నా."

ఆగయ్య దిగి ముందుకు వెళ్ళాడు. మిస్రీ ఆయన భుజం మీద మూతి పెట్టి, తువ్వాలులో బెల్లం ఉందేమోనని వెతికింది. ఆయన తేలేదు. కళ్ళెం తేవడం గుర్తుంది కానీ బెల్లం మరిచాడు. అలవాటు కొద్దీ దాని గడ్డం కింద చెయ్యి పెట్టాడు. రోజూ సీమోనుతో పోట్లాడే గుర్రం ఆ చేతిని గుర్తుపట్టి, తల దించి, తనంతట తనే నోరు తెరిచింది.